విరుగుడు కాఫీ

ఆ రోజు శ్రీనివాసులు పెట్టుకున్న పని ఒక్కటే. నంజమ్మగారి చేత కొట్టు అద్దె అగ్రిమెంటు మీద మళ్ళీ సంతకం పెట్టించుకోవడం.

బెంగళూరు చిక్కపేటలో ఆ పట్టుచీరల కొట్టు ఆయన తాత తెరిచింది. కట్టడం మాత్రం నంజమ్మగారిది. ఈసారి దాని మీద పక్క మొబైల్ కొట్టు చిన్నప్ప కన్నేశాడు. సంతకం పడకపోతే దొడ్డబళ్ళాపురం చీరల మూటలు ముందేసుకుని వీధిలో కూర్చోవలసిందేనని శ్రీనివాసులు నిజంగానే భయపడుతున్నాడు. భయమున్న మనిషి నోరు మూసుకుని పని చూసుకుంటాడు. ఈయన ఆ కోవకు చెందినవాడు కాదు.

ఈమధ్య ఆయనకు గుండె దడ మొదలైంది. సందు చివర క్లినిక్కులో డాక్టర్ కిరణ్మయి పరీక్ష చేసి, "కాఫీ తగ్గించండి అంకుల్. మానలేకపోతే డీకాఫ్ ట్రై చేయండి. గింజల్లో కెఫీన్ దాదాపు అంతా తీసేస్తారు, కొంచెం మాత్రం మిగులుతుంది. దడ తగ్గొచ్చు, నిద్ర కూడా పడుతుంది" అని చెప్పింది. ఆ అమ్మాయి చెప్పింది శుభ్రంగానే ఉంది. అయితే అది ఈయన బుర్రలోకి దిగేసరికి డీకాఫ్ ఒక మందైపోయింది. అసలు కాఫీ తాగాక ఒక కప్పు డీకాఫ్ తాగితే లోపలికి పోయిన కెఫీన్‌ను అది కడిగేస్తుందని ఆయన తేల్చేశాడు.

అంతటితో ఆగి ఉంటే మామూలు తెలివితక్కువతనం అనుకోవచ్చు. విరుగుడు ఎటూ చేతిలో ఉంది కదా అని ఆయన అసలు కాఫీని పెంచాడు. కొట్టు ఎదుటి హోటల్లో ఎవరు కనిపించినా బై టూ చెప్పేవాడు. ఒక కాఫీని ఇద్దరు పంచుకుంటే అది లెక్కలోకి రాదని ఆ వీధి మగవాళ్ళందరికీ గట్టి నమ్మకం. ఆ సగాన్ని కడగడానికి మేడ మీది ఇంటికి పోయి డీకాఫ్ తాగేవాడు. వారం తిరిగేసరికి చేతులు వణికాయి, నిద్ర కరువైంది.

"లోపలుండే కెఫీన్ బయటికొస్తా ఉండాది అనసూయా" అన్నాడు భార్యతో.

"బయటికి పోతా ఉండేది మీ బుద్ధి" అంది అనసూయ.

ఆ వీధిలో కాఫీ తాగకుండా ఎవరూ సంతకం పెట్టరు. ముందు కాఫీ, కప్పు ఖాళీ అయ్యాకే కాగితం. ఈసారి నంజమ్మగారికి కూడా డీకాఫే ఇవ్వాలని ఆయన పొద్దున్నే హుకుం జారీ చేశాడు.

"పెద్దామె వచ్చేదే నా చేతి చిక్కటి కాఫీకి. ఆ చప్పిడి నీళ్ళు పోస్తే లేచిపోతాది" అంది అనసూయ.

"ఆ వయసుకు గుండె భద్రం. నేను చెప్పింది చెయ్యి."

అనసూయ మారు మాట్లాడకుండా మేడెక్కింది. తన మాటకు ఇంట్లో ఎంత విలువుందో చూసుకుని శ్రీనివాసులు మురిసిపోయాడు.

నంజమ్మగారు వచ్చింది. మనవడు హనుమంతు ఆమెను కొట్టు ముందు దింపి, స్కూటర్‌కు చోటు వెతుక్కుంటూ పోయాడు. చిక్కపేటలో అది అంత తొందరగా తెమిలే పని కాదు. అనసూయ కాఫీ తెచ్చిచ్చి మేడ మీదికి వెళ్ళిపోయింది. పెద్దామె కాఫీ మొత్తం తాగి, "చానా బాగుండాదప్పా" అంటూ పెన్ను అందుకుంది. రెండు నిమిషాలు ఊరుకుంటే అయిపోయేది.

"ఇది మామూలు కాఫీ కాదమ్మా" అని మొదలుపెట్టాడు శ్రీనివాసులు.

మాటల్లోనే గింజల్ని నానబెట్టాడు. ఆ నీళ్ళు వడకట్టాడు. అక్కడి నుంచి గుండెకు, గుండె నుంచి నరాలకు, నరాల నుంచి కాలేయానికి వెళ్ళాడు. కాలేయం దగ్గర ఉండగా చూస్తే నంజమ్మగారి తల వాలిపోయి ఉంది. చేతిలో పెన్ను అలాగే ఉంది. "చూస్తివా, ఎట్లా పని చేస్తా ఉండాదో!" అని తనలో తాను పొంగిపోయాడు గానీ ఆమెను లేపాలని తోచలేదు.

అప్పుడే హనుమంతు లోపలికొచ్చాడు.

"అవ్వా! ఏమైంది సార్ మా అవ్వకి? కాఫీలో ఏం కలిపినారు?"

"ఏమీ కలపలేదప్పా! ఉండేదాన్నే తీసేసినా!"

"ఏం తీసేసినారు?"

"మనిషిని మెలకువగా ఉంచేదాన్ని!"

"విన్నారు కదా, ఆయన నోటితోనే ఒప్పుకున్నాడు" అన్నాడు వాకిట్లోంచి చిన్నప్ప. వాడు అప్పటికే ఫోనులో వీడియో తీస్తున్నాడు. వాడి వెనుక సగం వీధి ఉంది.

శ్రీనివాసులుకు ముచ్చెమటలు పట్టాయి. తన నిజాయితీ నిరూపించుకోవడానికి, విరుగుడు కోసం పక్కన పెట్టుకున్న డీకాఫ్ కప్పు అందరి ముందూ గటగటా తాగేశాడు. అప్పటికే పొట్టలో ఉన్న బై టూల ధాటికి గుండె దడదడలాడింది. కప్పు చేతిలోంచి జారింది, మనిషి చీరల మూట మీద కూలబడ్డాడు.

"విషం!" అని ఎవరో అరిచారు.

ఎవరో పరుగెత్తి డాక్టర్ కిరణ్మయిని తీసుకొచ్చారు. ఆమె ముందు పెద్దామెను చూసి, "హాయిగా నిద్రపోతున్నారు, ఏం కాలేదు" అంది. తర్వాత ఈయన నాడి పట్టుకుని, "పొద్దుటి నుంచి ఎన్ని కాఫీలు అంకుల్?" అని అడిగింది. ఆయన రొప్పుతూనే తన విరుగుడు సిద్ధాంతం వివరించాడు.

"విరుగుడా! డీకాఫ్ దేన్నీ కడగదు అంకుల్. దాన్ని కాఫీకి బదులు తాగమన్నాను, కాఫీ మీద తాగమనలేదు!"

గోలకు అనసూయ దిగివచ్చింది. సంగతంతా విని, "పెద్దామె తాగింది ఆ పొడి కాదు. చికోరీ కూడా తగ్గించి నేను కలిపిన అసలు కాఫీ. ఇంటికొచ్చిన మనిషికి చప్పిడి నీళ్ళు పోసేదానికి నాకేమైనా పిచ్చా?" అంది.

"మరి మా అవ్వ ఎందుకు నిద్రపోయింది?" అన్నాడు హనుమంతు.

జవాబు నంజమ్మగారే ఇచ్చింది, కళ్ళు తెరవకుండానే. "ఈ అప్ప గింజల్ని నానబెట్టేవరకూ మెలకువగానే ఉండా. వడకట్టేటప్పుడు పోయినా."

చిన్నప్ప ఫోను జేబులో పెట్టుకుని జారుకున్నాడు. నంజమ్మగారు అనసూయ చేత ఇంకో కాఫీ కలిపించుకుని తాగి, సంతకం పెట్టింది. శ్రీనివాసులు చేతి వణుకు తగ్గాక, సాయంత్రం పెట్టాడు.

అగ్రిమెంటు చివర హనుమంతు చేతిరాతతో ఒక నిబంధన కొత్తగా చేరింది: యజమానురాలు కాఫీ తాగుతుండగా అద్దెదారు మాట్లాడరాదు.