హోదాకు తగిన అంగుళాలు

మా నక్షాల కార్యాలయంలో కంప్యూటర్ తెరల సమస్య సంపూర్ణంగా పరిష్కారమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. తెరల ఎంపిక కమిటీకి కార్యదర్శిని నేనే గనక ఈ మాట ప్రకటించే అధికారం కూడా నాదే. కమిటీ పదకొండుసార్లు సమావేశమైంది. అందులో రెండుసార్లు సభ్యులు కూడా వచ్చారు.

సమస్య తెచ్చిపెట్టింది గీతలక్క. కొత్తగా కట్టబోయే భవనాలకు నక్షాలు గీసే ఉద్యోగిని ఆవిడ. ఇరవై రెండేళ్ళుగా గీతలే గీస్తోంది గనక ఆ పేరు స్థిరపడిపోయింది. ఆవిడ బల్ల మీద ఉన్నది పదిహేడు అంగుళాల తెర. అందులో నాలుగంతస్తుల భవనం మొత్తం చూడాలంటే గదులు ఆవగింజలవుతాయి. గదులు కనిపించేలా పెంచితే భవనం బయటికి పోతుంది. అందుకని ముక్కలు ముక్కలుగా చూస్తూ గీసేది. నిరుడు ఒక గ్రంథాలయానికి గీసినప్పుడు ఒక ముక్కలో మెట్లు, దాని పక్క ముక్కలో గోడ పడ్డాయి. కట్టినవాళ్ళు నిజాయితీపరులు, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు కట్టేశారు. ఇప్పటికీ పాఠకులు ఆ మెట్లెక్కి, గోడని కాసేపు చదివి దిగి వస్తుంటారు.

గీతలక్కకు మెమో వచ్చింది. ఇంకొక్క తప్పు దొర్లితే ఇంటికి పంపిస్తామని అందులో ఉంది. ఆ ఇంట్లో జీతం తెచ్చే మనిషి ఆవిడొక్కతే. మెమో ఇచ్చిన చేత్తోనే రెండువందల పడకల ఆస్పత్రి నక్షా కూడా ఇచ్చారు, అంత పని వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు గనక.

గీతలక్క ఒక పేజీ అర్జీ పెట్టుకుంది. ఇరవైయేడు అంగుళాల తెర కావాలి, రిజల్యూషన్ కూడా దానికి తగ్గట్టు ఉండాలి, లేకపోతే ఉన్న చుక్కలే సాగి గీతలు మసకబారతాయి, అంతకన్నా పెద్దది నాకు అక్కర్లేదు అని రాసింది. అర్జీలో ఇంత స్పష్టత ఉండటం కమిటీకి అనుమానం కలిగించింది.

ముందుగా నిబంధనలు చూశాం. మా దగ్గర తెరలు హోదాను బట్టి ఇస్తారు. గుమాస్తాలకూ నక్షాలు గీసేవాళ్ళకూ పదిహేడు అంగుళాలు, సూపరింటెండెంటుకు ఇరవై రెండు, ఉపాధికారికి ఇరవైయేడు. ఉపాధికారి గారు తన తెరను ఎంత పదిలంగా చూసుకుంటారంటే, వచ్చి రెండేళ్ళయినా దాని మీది ప్లాస్టిక్ కాగితం తీయలేదు, కరెంటు తగలనివ్వలేదు. గీతలక్కకు ఇరవైయేడు ఇస్తే ఆయన పరువేం కావాలి? ఆయనకు పెంచితే కార్యాలయాధిపతి అయిన మా పెద్దసారు సంగతేమిటి? అందుకని పంపకం పైనుంచి మొదలుపెట్టడమే న్యాయమని తీర్మానించాం.

సాంకేతిక సలహాదారుగా పెద్దసారు బావమరిదిని ఆహ్వానించాం. ఆయన రోజుకు పద్నాలుగు గంటలు కంప్యూటర్ ఆటలు ఆడే కష్టజీవి. ఆటల కోసమే తయారైన, విల్లులా వంగిన, నలభై తొమ్మిది అంగుళాల తెరను సిఫార్సు చేశారు. అది సెకనుకు రెండువందల నలభైసార్లు బొమ్మ మారుస్తుందట. మా దగ్గర ఫైలు మూడు నెలలకోసారి కదులుతుంది. ఆ కదలికలో ఒక్క క్షణం కూడా ఇకమీదట పెద్దసారు దృష్టిని తప్పించుకోలేదని సభ్యులు హర్షించారు. ఆఫీసులో ఆటలు నిషిద్ధం కదా అని నేనొక సందేహం వెలిబుచ్చాను. నిషేధం ఆటలకేగాని ఆటల తెరకు కాదని సమాధానం వచ్చింది.

కొనేముందు పరీక్షించడం సంప్రదాయం. బావమరిది గారు పెద్దసారు గదిలో తలుపేసుకుని మూడు రోజులు పోరాడి, శత్రువులు స్పష్టంగా కనిపించారని నివేదిక సమర్పించారు. పనికెలా ఉంటుందో కూడా చూద్దామనుకున్నాం గానీ, కమిటీలో పని తెలిసినవాళ్ళెవరూ లేకపోయారు.

తెరకు ప్రారంభోత్సవం జరిగింది. పెద్దసారు రిబ్బను కత్తిరించి ఇలా ప్రసంగించారు: "చూపు విశాలమైతే ఆలోచన విశాలమవుతుంది. తెర నాకు పెరిగిందని మీరు అనుకోవద్దు. నా ద్వారా మీ అందరికీ పెరిగింది." అందరం చప్పట్లు కొట్టాం. గీతలక్క కూడా కొట్టింది, తన హోదాకు తగినంత.

మర్నాటికి పెద్దసారుకు అక్షరాలు చీమల్లా కనిపించాయి. బావమరిది వచ్చి రిజల్యూషన్ తగ్గించాడు. ఈసారి అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. ఉత్తరం ఈ కొస నుంచి ఆ కొసకు చదివేసరికి మెడ పట్టేసింది. ఆ వైపు తల తిప్పవద్దని డాక్టరు సలహా ఇవ్వడంతో పెద్దసారు కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, మీటింగులు పెంచుకున్నారు.

ఆస్పత్రి నక్షాకు గడువు పన్నెండు రోజులుంది. అప్పటికి గీతలక్క సగం భవనం దగ్గరే చిక్కుకుని ఉంది. పెద్దసారు గది తాళాలు అటెండరు దగ్గరుంటాయి. అతనే ఒకరోజు ఆవిడ దగ్గరికొచ్చాడు.

"అక్కా, సారు పదకొండింటికి మీటింగుకెళ్తే నాలుగింటిదాకా రారు. అంత తెరా ఊరికే గోడని చూస్తా కూచుంటోంది. నువ్వు రా," అన్నాడు.

ఆవిడ కంప్యూటర్ పెట్టెను టీ బండి మీద పెట్టి, పైన తువ్వాలు కప్పి రోజూ తోసుకుపోయేవాడు. ఆవిడ రిజల్యూషన్‌ను తన పెట్టెలో పెంచుకునేది, నాలుగయ్యేసరికి తెర తీగను పెద్దసారు కంప్యూటర్‌కే తగిలించి గుమ్మడికాయలను యథాస్థానంలో పెట్టేది. ఆ తెరలో సరిగ్గా సగం, ఆవిడ అర్జీలో అడిగిన ఇరవైయేడు అంగుళాలంత ఉంటుంది. ఆ సగమే వాడుకుంది. రెండో సగం జోలికి పోలేదు.

కార్యదర్శి హోదాలో ఇదేదీ నేను చూడలేదు. హోదా పక్కన పెడితే చూశాను. ఒక మెట్ల వరస తిన్నగా ఎక్స్‌రే గది గోడకు తగలబోతుంటే ఆవిడ అక్కడే పట్టుకుని, కళ్ళద్దాలు తీసి నవ్వింది. మొత్తం ఆస్పత్రి ఆవిడ ముందు ఒకేసారి నిలబడి ఉంది. నాకు నిజంగానే చాలా సంతోషమేసింది.

నక్షా ఒక్క దిద్దుబాటు లేకుండా ఆమోదం పొందింది. మెమో రద్దయింది. పెద్ద తెర వచ్చాక పర్యవేక్షణ మెరుగుపడినందుకు పెద్దసారుకు ప్రశంసాపత్రం వచ్చింది. బావమరిది గారిని శాశ్వత సలహాదారుగా నియమించాం.

ఆ ఉత్సాహంలోనే కమిటీ గీతలక్క అర్జీని కూడా పరిశీలనకు తీసుకుంది. రికార్డు ప్రకారం రెండువందల పడకల ఆస్పత్రిని ఆవిడ పదిహేడు అంగుళాల తెర మీదే తప్పులేకుండా గీసింది. కనక ఆస్పత్రికి పదిహేడు చాలు. చిన్న భవనాలకు పదిహేను సరిపోవాలి. ఈ లెక్కలో లోపం ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. చెబితే అటెండరు ఉద్యోగం పోతుంది. అర్జీ కొట్టేశాం.

తీర్మానం కాగితం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివి తిరిగి నా చేతికిచ్చింది.

"సరిగ్గా గీస్తే తెర అక్కర్లేదంటారు. తప్పు గీస్తే నేనే అక్కర్లేదంటారు. నన్నేం గీయమంటావు తమ్ముడూ?" అంది.

నేను కాగితం తీసుకుని నా బల్ల దగ్గరికొచ్చాను. మినిట్సులో ఉద్యోగిని స్పందన రాసే చోటు ఖాళీగా వదిలితే పైనుంచి ఆక్షేపణ వస్తుంది. అందుకని "సదరు ఉద్యోగిని కమిటీ నిర్ణయం పట్ల సంతృప్తి వ్యక్తం చేశారు" అని రాసి సంతకం పెట్టాను. మీరు ఇంతవరకు చదివిన నివేదికల్లో సంతృప్తి వ్యక్తం చేసినవాళ్ళందరూ ఇలా వ్యక్తం చేసినవాళ్ళే.