టమోటాలతో టిప్పు మహలుకు

పిల్లలకు చరిత్ర బాగా రావాలంటే చారిత్రక ప్రదేశాల్లోకి వాళ్ళను అడుగు పెట్టనివ్వకూడదు! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా పుంగనూరు స్కూలు వాళ్ళ మైసూరు విజ్ఞాన విహార యాత్రకు తల్లిదండ్రుల తరఫున తోడు వెళ్ళి, క్షేమంగా తిరిగివచ్చి, ఇప్పటికీ నడుముకు బామ్ రాసుకుంటూ మరీ అంటున్నాను.

మీరు నవ్వుతారని తెలుసు. మహలు చూపించకుండా మహలు గురించి ఎలా నేర్పుతావయ్యా అంటారు. అయ్యా, భూగోళంలో సముద్రాల మీద మనం ఎన్ని మార్కులు తెచ్చుకోలేదు? అప్పటికి మనలో ఎంతమంది సముద్రం చూశాం?

అసలు ఈ యాత్ర ఎలా పుట్టిందో మొదట చెప్పాలి. మా అమ్మాయి అర్చన ఎనిమిదో తరగతి. వాళ్ళ సోషల్ సారు పేరు నరసింహులు. ఆయనకొక చెడ్డ అలవాటుంది. పాఠాన్ని పాఠంగా చెప్పి ఊరుకోరు. హైదరాలీ ప్రాణం పోయింది మన చిత్తూరు దగ్గరేనని చెప్పారు. ఆయన కొడుకు టిప్పు సుల్తాన్‌కు శ్రీరంగపట్నంలో ఒక వేసవి మహలు ఉందని, దాని గోడ పొడుగునా యుద్ధం బొమ్మ ఉందని, అందులో ఏనుగులు, గుర్రాలు, పేలిపోతున్న మందుగుండు బండి కూడా ఉన్నాయని చెప్పారు. ఇలాంటివి పరీక్షలో వస్తాయా? రావు. అయినా చెప్పారు.

అంతే! మా పిల్లకు అన్నం దగ్గర ఏనుగులు, నిద్ర లేస్తే గుర్రాలు.

"నాన్నా, నేను ఆ గోడ సూడాల. ఆడే కూసోని బొమ్మ గీసుకోవాల" అని పట్టు పట్టింది. నా చేత చార్టు పేపరు కొనిపించి, చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, టూరు ఖాయం కాకముందే బీరువా పక్కన నిలబెట్టుకుంది. ఆ చార్టు మీద ఎవరి చెయ్యి పడినా ఇంట్లో యుద్ధమే.

నరసింహులు సారు వేసిన ప్లాను మరీ సాదాగా ఉంది. ఆదివారం తెల్లవారుజామున బయలుదేరాలి. నేరుగా శ్రీరంగపట్నం. మధ్యాహ్నం మైసూరు ప్యాలెస్. సాయంత్రం పిల్లల సరదా కోసం బృందావన్ గార్డెన్స్. తర్వాత ఇంటికి. రెండువేల సంవత్సరం దాటాక కూడా ఇంత పాతకాలపు ప్లానా? ఒక్కడే కూర్చుని వేస్తే ఇలాగే ఉంటుంది. అందుకే దాన్ని తల్లిదండ్రుల మీటింగులో పెట్టారు.

ఆ మీటింగు మీరు చూసి ఉండాల్సింది! స్కూలు కరస్పాండెంటు ముద్దుకృష్ణ గారు 'మైసూరు' అన్నారో లేదో, టమోటా మండీ ఈశ్వరప్ప లేచి నిలబడ్డాడు.

"బెంగళూరు మీదనే కదప్పా పోయేది? మా బామ్మర్ది హోటలు ఆడే ఉండాది. డిక్కీలో నాలుగు బాక్సులు టమోటాలు ఏసుకోండి. పిల్లోళ్ళు దించిస్తే సరిపాయె. దోవలోనే కదా."

జవుళి అంగడి శాంతమ్మ గారు వెంటనే అందుకున్నారు. "అట్లయితే చిక్కపేటలో ఒక అరగంట ఆపండి సార్. పెండ్లిండ్ల సీజను వస్తాండాది, నాలుగు చీరలు తెచ్చుకోవాల. దోవలోనే కదా."

బయటి జిల్లాల పాఠకులకు ఒక్క ముక్క చెప్పాలి. మా వైపు ఎవరైనా బెంగళూరుకు బయలుదేరితే ఆ ప్రయాణం వాళ్ళ ఒక్కరిది కాదు, వీధి మొత్తానిది. ఒకరు సంచి ఇస్తారు, ఒకరు చీటీ ఇస్తారు, ఒకరు ముసలి అత్తను ఇస్తారు. 'దోవలోనే కదా' అన్న తర్వాత కాదనే మనిషి మా తాలూకాలో ఇంకా పుట్టలేదు. ఒక మనిషి ప్రయాణానికే ఇంత మర్యాద ఉంటే ఏకంగా ఒక బస్సే పోతుంటే ఊరుకుంటామా?

కరస్పాండెంటు గారికి కుప్పంలో కూడా ఒక బ్రాంచి ఉంది. ఆ పిల్లల్ని కూడా దోవలోనే ఎక్కించుకుందామన్నారు. కుప్పం ఏ దోవలో ఉందని నరసింహులు సారు మ్యాపు విప్పబోయారు. "ఈ సోషల్ సార్లకు పొద్దస్తమానం మ్యాపేనప్పా" అని అందరూ నవ్వి ఆయన్ను కూర్చోబెట్టారు. చివర్లో లెక్కల సారు లోకేష్ సిగ్గుపడుతూ లేచి, బెంగళూరులో తనకొక పది నిమిషాల పని ఉందన్నాడు. ఏం పనో ఎవరూ అడగలేదు.

నేను మాత్రం ఏమీ కోరలేదు. రిపేరుకిచ్చిన మా మిక్సీ బెంగళూరు శివాజీనగర్‌లో ఉంది. అది నిజంగానే దోవలో ఉంది కాబట్టి దాన్ని కోరిక అనకూడదు.

ఆదివారం వచ్చింది. బస్సు ముందు అద్దం పైన 'చారిత్రక విజ్ఞాన విహార యాత్ర' అని బ్యానరు, లోపల టీవీ, డిక్కీలో టమోటాలు. మదనపల్లె నుంచి రావాల్సిన వీడియో కోచ్ బాగా తెల్లవారాక వచ్చి, మైసూరు ఒక దిక్కున ఉండగా ఇంకో దిక్కున కుప్పానికి బయలుదేరింది. ఇండియాకని బయలుదేరి ఎక్కడో తేలిన నావికుల పాఠం మనమూ చదివాం. ఏం తెలిసింది మనకు? మైసూరుకని బయలుదేరి కుప్పంలో ఇడ్లీ తిన్న పిల్లలకు ఆ పాఠం జన్మలో మరిచిపోలేనంత బాగా తెలిసింది!

కుప్పంలో ఎక్కిన తల్లులు దోవలో కోటిలింగాల గుడి చూడకుండా పోతే మంచిది కాదన్నారు. డ్రైవరు కూడా అదే మాటన్నాడు. డ్రైవరు అన్నాక ఎవరు కాదంటారు? అందరం దిగి దండం పెట్టుకున్నాం.

బెంగళూరు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఈశ్వరప్ప బామ్మర్ది హోటలు ముందు పిల్లలు వరసగా నిలబడి టమోటా బాక్సులు చేతుల మీదుగా దించారు. ఆయన బయటికి వచ్చి తల పట్టుకున్నాడు.

"ఇన్ని యాలప్పా నాకు? ఈడ మార్కెట్లో అడిగేవాడు లేడు. రెండు ఈడ పెట్టి, మిగతావి ఎత్తుకొని పోండి."

దించిన బాక్సుల్లో సగం పిల్లలు మళ్ళీ ఎక్కించారు. చొక్కాలన్నీ ఎరుపెక్కాయి. పూర్వం సైన్యాల వెంట తిండి సామాన్లు మోసిన వాళ్ళు ఎంత కష్టపడ్డారో ఏ పాఠంలో అయినా ఉందా? మా పిల్లలు ఒంటి మీద రాసుకుని నేర్చుకున్నారు.

చిక్కపేటలో అరగంట అన్న శాంతమ్మ గారు రెండు గంటల తర్వాత వచ్చారు. ఆలోగా నేను ఆటోలో వెళ్ళి మిక్సీ తెచ్చుకున్నాను. అర్చన బస్సులోనే కూర్చుని ఉంది, ఒడిలో చార్టు.

"నాన్నా, మహలు అయిదు గంటలకు మూసేస్తారంట. సారు సెప్పినారు."

"పోతాంలేమ్మా. రాజుల మహలు యాడికి పోతాది?" అన్నాను.

"మహలు పోదు నాన్నా. టైము పోతాది" అంది. పక్కన నరసింహులు సారు వాచీ చూసుకుంటున్నారు. మూడు కావస్తోంది.

ఇక లోకేష్ సారు పది నిమిషాల పని. బస్సు ఒక సందు మొదట్లో ఆగింది. ఇంటి ముందు ముగ్గు, గుమ్మంలో పట్టు పంచె కట్టుకున్న పెద్దమనిషి. అప్పుడు తెలిసింది, అవి పెళ్ళిచూపులని! బిలబిలమంటూ దిగుతున్న పిల్లల్ని చూసి ఆ పెద్దమనిషి తలుపు పట్టుకున్నాడు.

"అబ్బాయి తరఫున నలుగురు వస్తారనుకొంటిమి. బస్సే ఏసుకొని వచ్చినారే!"

"అంతా మా పిల్లోళ్ళే అండీ" అన్నారు ముద్దుకృష్ణ గారు ఎంతో ఆప్యాయంగా. లోపల పెళ్ళికూతురి తల్లి చేతిలోని పళ్ళెం కింద పడింది. ఆ మాటను సర్దేసరికి కొంత సమయం పట్టింది. బస్సెడు మందికి బజ్జీలు వేసేసరికి ఇంకొంత పట్టింది.

పెళ్ళికూతురు పేరు యమున. పెద్దవాళ్ళు ఏమడగాలో తోచక చూస్తుంటే, ఏడో తరగతి పిల్ల ఒకతె లేచి, "అక్కా, నీకు పంతొమ్మిదో ఎక్కం వస్తాదా?" అని అడిగింది. ఆ అమ్మాయి నవ్వి, గడగడా అప్పజెప్పింది. "మరి మా సారుకు వస్తాదేమో మీరు అడగండక్కా" అన్నారు పిల్లలు. లోకేష్ సారు సగంలో తడబడ్డాడు. సంబంధం అక్కడికక్కడే కుదిరిపోయింది!

ఇది చరిత్ర కాదంటారా? రాజుల చరిత్రలో సగం వియ్యాలే కదా. పుస్తకంలో ఒక్క వాక్యంలో పోయే ముక్కను మా పిల్లలు బజ్జీలు తింటూ కళ్ళారా చూశారు. అర్చన మాత్రం బజ్జీ ముట్టలేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. నేను పిలిచినా దిగలేదు.

శ్రీరంగపట్నం చేరేసరికి పొద్దు వాలిపోయింది. మహలు గేటు మూసి ఉంది.

"నాళె బన్ని" అన్నాడు కాపలా మనిషి. రేపు రమ్మని. రేపు సోమవారం, స్కూలు ఉంది, లెక్కల స్లిప్ టెస్టు కూడా ఉంది.

నరసింహులు సారు ఆయన దగ్గరికి వెళ్ళి చేతులు జోడించారు. పాతికేళ్ళుగా పిల్లల చేత దండాలు పెట్టించుకున్న మనిషి. "శానా దూరం నుంచి వచ్చినాము స్వామీ. మమ్మల్నంతా వద్దులే. ఈ ఒక్క పాపను ఇడువు. గోడ సూసి వచ్చేస్తాది."

కాపలా మనిషి అర్చన చేతిలోని చార్టు వైపు చూశాడు. పాపం, మంచివాడే. తాళంచెవి తన దగ్గర లేదని రెండు అరచేతులూ తెరిచి చూపించాడు. అర్చన ఏడవలేదు. గేటు ఊచల్లోంచి కనిపించినంత మేర చూసింది. కనిపించింది చెట్లే.

సారు గేటుకు వీపు పెట్టి నిలబడి చెప్పడం మొదలుపెట్టారు. "అదో, ఆ సెట్ల ఎనకాల ఉండాది మహలు. ఎడం పక్క గోడ మీద..." ఏనుగుల దాకా వచ్చేసరికి డ్రైవరు హారను కొట్టాడు. బ్యానరు విప్పి గేటుకు కట్టి, దాని ముందు అందరం ఒక ఫోటో దిగాం. "హిస్టరీ అయిపాయె. ఇంక ఫన్!" అని కరస్పాండెంటు గారు చప్పట్లు కొట్టారు.

బృందావన్ గార్డెన్స్‌లో నీళ్ళు పాటకు తగ్గట్టు ఆడాయి, పిల్లలూ ఆడారు. నేను కూడా కొంచెం ఆడాను. అప్పటికే ఆలస్యమైందని మైసూరు ఇంకా కొంత దూరం ఉండగానే బస్సును వెనక్కి తిప్పారు. మైసూరు పాకు తిరుగు దోవలో మండ్యలో కొన్నాం. మైసూరు యాత్ర దిగ్విజయంగా ముగిసింది!

ఇప్పుడు దీని ఫలితాలు చూడండి. స్కూలు వార్షికోత్సవానికి 'మా చారిత్రక యాత్ర' అని వ్యాసాల పోటీ పెట్టారు. గెలిచిన వ్యాసాన్ని పెద్దల ముందు స్టేజీ మీద చదవాలి. అర్చన కూర్చుని జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చింది. కరస్పాండెంటు గారు నన్ను పిలిపించారు.

"ఏందప్పా ఇది? మీ పాప టమోటాలు, బజ్జీలు అంతా రాసిపెట్టింది. రాత సూస్తే ముత్యాలు. ఫస్టు ప్రైజు దీనికే ఇస్తాము. మహలు గురించి రాయమను."

"అది లోపలికే పోలేదు కదండీ" అన్నాను.

"బుక్కులో ఉండాది కదప్పా! పెద్దోళ్ళు వస్తాండారు. బడి మర్యాద సూడాల కదా."

బడి మర్యాద చూశాం. అర్చన బుక్కు ముందు పెట్టుకుని రాసింది. మహల్లోకి అడుగు పెట్టగానే ఒళ్ళు పులకరించిందని, గోడ మీది ఏనుగులు తమ మీదికి వస్తున్నట్టు అనిపించిందని, ఉపాధ్యాయుల వివరణ విని తాము ఎంతో విజ్ఞానం పొందామని రాసింది. స్టేజీ మీద తొణక్కుండా చదివింది. నరసింహులు సారు చివరి వరసలో కూర్చుని తల వంచుకుని విన్నారు. ముఖ్య అతిథి గారు, తాము మహలు చూడకపోయినా చూసినట్టే ఉందని మెచ్చుకుని స్టీలు టిఫిన్ బాక్సు బహూకరించారు. నేను కూడా గట్టిగా చప్పట్లు కొట్టాను.

స్కూటరు మీద ఇంటికి వస్తుంటే వెనక నుంచి అడిగింది.

"నాన్నా, మన సోషల్ బుక్కు రాసినోళ్ళు కూడా గేటు బయటి నుంచే సూసినారా?"

స్కూటరు నడుపుతున్నాను కాబట్టి హారను కొట్టాను.

తల్లిదండ్రులారా, చూశారా! చరిత్ర చదివే వాళ్ళు అడగాల్సిన మొదటి ప్రశ్న నా కూతురికి ఎనిమిదో తరగతిలోనే వచ్చేసింది. ఆ గేటు తెరిచి ఉంటే వచ్చేదా? బొమ్మ గీసుకుని, తిని, నిద్రపోయేది. కాబట్టి మీ పిల్లల్ని కూడా ఇలాంటి యాత్రలకే పంపండి. గేటు దాకా తీసుకెళ్ళండి, అంతే!

అయినా, మనసులో మాట ఒకటి చెప్పనా? నా కూతురు ఇంత పెద్ద ప్రశ్న వేయకపోయినా నాకు బాధ లేదు. ఆ గోడ ముందు చతికిలబడి, పెన్సిలు నోట్లో పెట్టుకుని, "నాన్నా, ఏనుక్కి తొండం ఎట్ల గీయాల?" అని అడిగి ఉంటే నాకు అదే చాలు.