గౌరవ అతిథి స్థలం

చేపపిల్లలకు ఉపన్యాసం ఇచ్చిన ఘనత ఈ భూమండలం మీద ఒక్క మా మొషికనై పట్నానికే దక్కింది! ఏటా ఏప్రిల్ మొదటి ఆదివారం, మంచు కరిగి వాగు గట్టంతా బురదగా ఉన్నప్పుడు, మా మేయరు కిత్సుకావా గారు ఇరవై వేల సాల్మన్ పిల్లలను ఉద్దేశించి నలభై నిమిషాలు ప్రసంగిస్తారు. "వెళ్ళండి! సముద్రాలు చూసి రండి! పుట్టిన ఊరును మాత్రం మరవకండి!" అంటారు. అవి పుట్టింది మా ఊళ్ళో కాదు. ఎక్కడో ఇంకో నది పక్కనున్న చేపపిల్లల కేంద్రంలో పుట్టి, ఆ రోజు పొద్దున్నే లారీలో దిగాయి. అయినా బకెట్లలో బుద్ధిగా వింటాయి. వినక ఎక్కడికి పోతాయి?

నా పేరు ఇనమురా. పట్న కార్యాలయంలో ఆశా విభాగానికి అధిపతిని. విభాగంలో నేనూ, నా ముద్రా ఉంటాం. పిల్లాపెద్దలకు వాగు మీద ప్రేమ నేర్పడం, సాల్మన్ చేపలు తిరిగివస్తాయన్న ఆశ కలిగించడం మా బాధ్యత. ముప్ఫై ఏళ్లుగా వదులుతున్నవాటిలో ఎన్ని తిరిగొచ్చాయని ఒక విలేకరి అడిగాడు. అది మా విభాగం కిందికి రాదన్నాను. మాది ఆశ మాత్రమే.

నాలుగేళ్ల కిందట, ఉత్సవం మూడు వారాలుందనగా, నుకటా ఫుసయె పిన్ని నా బల్ల ముందుకు వచ్చి నిలబడింది. ఆమె మా బడిలో ముప్ఫై ఆరేళ్లు వంట చేసింది. ఆమె చేతి అన్నం తినని వాడు కార్యాలయంలో ఒక్కడూ లేడు, మేయరుతో సహా. అందుకని ఆమె ఎవరినీ 'గారు' అనదు.

"ఏరా ఇనమురా, పోయిన శరత్కాలంలో వాగులోకి పదకొండు జంటలొచ్చాయి, తెలుసా?"

"ఏ జంటలు పిన్నీ?"

"చేపలురా! నువ్వు పిలిచినవి కాదులే, వాటంతటవే వచ్చాయి. వంతెన కింద గులకరాళ్లలో గూళ్లు పెట్టాయి. తల్లి తోకతో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, రాళ్లు కప్పి, అక్కడే ప్రాణం వదిలింది. ఇప్పుడు పిల్లలు గుడ్డు చీల్చుకుని, పొట్ట కింద సొన సంచీ వేలాడేసుకుని, ఇంకా ఆ రాళ్ల సందుల్లోనే ఉన్నాయి. మీ రెండు వందల మంది బూట్లేసుకుని నిలబడేది సరిగ్గా వాటి నెత్తిమీదే."

చీలమండ లోతు నీళ్లలో రబ్బరు బూట్లతో దిగి బకెట్లు ఒంపడమే మా ఉత్సవం. మా ఊళ్ళో వాగు మీద ప్రేమను కొలిచేది బూట్లతోనే. వెంటనే వినతిపత్రం రాసి మేయరు దగ్గరికి పట్టుకెళ్ళాను.

"మన కార్యక్రమంలో చేపలెన్ని?" అన్నారు ఆయన.

"ఇరవై వేలండీ."

"ఈవిడ చెప్పేవి ఎన్ని?"

"అవి మన లెక్కలో లేవండీ."

"లెక్కలో లేనివాటిని ఎలా తొక్కుతామయ్యా?"

ఇంత పకడ్బందీ తర్కం విన్నాక నేను చేయగలిగిందల్లా నమస్కారం పెట్టి బయటికి రావడమే!

పిన్ని ఊరుకోలేదు. ప్రతి గూటి పక్కనా ఒక విల్లో కొమ్మ గుచ్చి, చివర ఎర్రగుడ్డ కట్టింది. ఆ ఆదివారమే 'వాగును ప్రేమిద్దాం' పారిశుద్ధ్య దినం వచ్చింది. ఆకుపచ్చ చొక్కాల పర్యావరణ మిత్రులు బిలబిలా దిగి పదకొండు కొమ్మలనూ పీకేశారు. పీకిన తర్వాత అరగంట చర్చ జరిగింది. కొమ్మ మండే చెత్త, గుడ్డ ముక్క వేరే సంచీ. మరి రెంటినీ కట్టిన దారం ఏ సంచీలో వేయాలి? ఆ దారం విషయంలో వాళ్లు చూపిన శ్రద్ధ చూస్తే నాకు కళ్లు చెమర్చాయి.

అప్పుడు నేనే ధైర్యం చేసి బోర్డు పెట్టాను: 'ఇక్కడ చేపల గూళ్లున్నాయి. దయచేసి తొక్కవద్దు.' ముందురోజు రిహార్సలుకు వచ్చిన వాళ్లంతా "ఎక్కడ? ఎక్కడ?" అంటూ పరుగున వచ్చి దాని చుట్టూ నిలబడ్డారు. ప్రకృతి పాఠాలు చెప్పే పంతులమ్మ తన తరగతి పిల్లలందరినీ నీళ్లలోకి దింపబోయింది, బోర్డు గట్టిగా చదివించడానికి! పిన్ని చేతులు చాచి అడ్డం నిలబడి, వాళ్లను గట్టు మీదికి తోలింది.

తర్వాత నా వైపు తిరిగింది.

"చేపలంటే వీళ్లకి భయం లేదురా. వీళ్లు దేనికి భయపడతారో అది రాయి."

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నాకెవరూ ఇంత స్పష్టమైన ఆదేశం ఇవ్వలేదు. గోదాములోంచి ఎరుపూ తెలుపూ చారల తాడు తెచ్చాను. పన్నెండు మీటర్లుంది. ఇంకా కావాలంటే దరఖాస్తు రాయాలి, దాని మీద మేయరు ముద్ర పడాలి, ముద్ర పడాలంటే కారణం చెప్పాలి. నాకు అంత తెగువ లేకపోయింది. ఉన్న తాడుతో నాలుగు గూళ్ల చుట్టూ గుంజలు పాతి కట్టాను. మిగిలిన ఏడూ బయటే ఉండిపోయాయి. గుంజకు పెద్ద తెల్ల కాగితపు పువ్వు తగిలించి, కొత్త బోర్డు పెట్టాను: 'గౌరవ అతిథి స్థలం. ఇతరులు ప్రవేశించరాదు.'

మర్నాడు మేయరు అది చూసి ఉలిక్కిపడ్డారు.

"ఎవరయ్యా వస్తున్నది?"

"పైనుంచండీ."

"పైనుంచి అంటే ఎంత పైనుంచి?"

"పేరు బయటపెట్టొద్దన్నారండీ."

అంతే! ఆయన మెడలో టై సర్దుకుని, ఆ ఖాళీ నీళ్లకు నడుము దాకా వంగి నమస్కరించారు. పట్న పత్రిక ఫోటోగ్రాఫరు ఆ క్షణాన్ని వదల్లేదు. రెండు వందల మంది ఆ తాడును చుట్టి, ఒకరి వెనక ఒకరు నడిచారు. అతిథి కోసం ముప్పావు గంట ఆగాం. ఈలోగా గాలికి మేయరు టోపీ ఎగిరి తాడు లోపల పడి గుంజకు చిక్కుకుంది. "తీసి ఇమ్మంటారా?" అని ఎవరో కాలు ఎత్తారు. "వద్దు వద్దు! వారి స్థలం!" అని మేయరు కేక పెట్టారు. ఆయన బట్టతలతోనే నలభై నిమిషాలు ప్రసంగించారు. తర్వాత అందరం నీళ్లలోనే నిలబడి ఆశ పాట పాడి, బకెట్లు ఒంపి, గట్టెక్కి సాల్మన్ గుడ్లు పరిచిన అన్నం గిన్నెలు ఖాళీ చేసి, చేపల భవిష్యత్తుకు చప్పట్లు కొట్టాం.

జనం వెళ్ళాక పిన్ని తాడు బయట వంగి, రెండు రాళ్లు తొలగించి, దోసిలి నా ముందు పెట్టింది. చితికిపోయిన పిల్లలు, అగ్గిపుల్లంత లేవు. ఒక్కదాని కన్ను మాత్రం అలాగే ఉంది.

"వీటి మీద నిలబడే కదరా మీరు ఆశ పాట పాడింది," అంది.

కోప్పడి ఉంటే బాగుండేది. సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయాను.

ఆ తర్వాత ఏటా పన్నెండు మీటర్ల తాడే కట్టాను, అతిథి ఒక్క ఏడాదీ రాలేదు. రాని కొద్దీ ఆయన మీద మేయరుకు గౌరవం పెరిగింది. "ఎంత తీరిక లేని మనిషో!" అనేవారు.

పోయిన శరత్కాలంలో ముప్ఫై ఎనిమిది పెద్ద చేపలు వంతెన కిందికి ఎదురీది వచ్చాయి! "నా ఇరవై వేలు!" అని మేయరు ఎగిరి గంతేశారు. ధ్రువపత్రం కోసం పరిశోధన కేంద్రం నుంచి నిపుణుణ్ణి పిలిపించారు. గుడ్లు పెట్టి చనిపోయిన చేపల తలలు అతను కోసి, చెవుల లోపల ఉండే చిన్న రాళ్లు తీసి చూశాడు. కేంద్రంలో పెరిగిన పిల్లలకు ఆ రాళ్ల మీద గుర్తు వలయాలు వేసి పంపుతారట.

"ఒక్కదానికీ లేదండీ. ఇవన్నీ ఈ వాగులో పుట్టినవే," అన్నాడు.

మేయరు ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి, చేపలు గూళ్లు పెట్టిన చోటే సిమెంటుతో 'ఆశా వేదిక' కట్టాలని తీర్మానించారు. ఇక లాభం లేదని ఆయన గది తలుపు మూసి, ఉన్నదంతా కక్కేశాను.

"అంటే అతిథి ఎవరూ లేరా?"

"లేరండీ."

"అయితే నాలుగేళ్లుగా నేను వంగింది ఎవరికి?"

"చేపపిల్లలకండీ."

ఆయన గోడ మీది ఫోటోను చూశారు. అందులో ఆయన నీళ్లకు వంగి ఉన్నారు.

"ఇది పత్రికలో వేశాం కదూ?"

"మొదటి పేజీలోనండీ."

"అయితే అతిథి ఉన్నారు," అన్నారు. "వచ్చే ఎన్నికల దాకా కచ్చితంగా ఉన్నారు."

"చిత్తం. మరి వారి స్థలంలో సిమెంటు పోయాలంటే వారి అనుమతి..."

ఆయన నన్ను మింగేసేలా చూశారు. ఆశా వేదిక కార్లు ఆపే చోటికి మారింది.

ఈ మార్చిలో పిన్ని మళ్ళీ వచ్చింది.

"పంతొమ్మిది గూళ్లురా. వంతెన నుంచి పాత రంపపు మిల్లు దాకా. నీ తాడెంత?"

"పన్నెండు మీటర్లే పిన్నీ."

"మహానుభావుడు ఎప్పుడూ ఒక్కడే వస్తాడా? కుటుంబం లేదూ?"

ఈసారి దరఖాస్తు రాశాను. మూడు వందల మీటర్ల తాడు కావాలి. కారణం: గౌరవ అతిథి కుటుంబ సమేతంగా విచ్చేస్తున్నారు. మేయరు అది రెండుసార్లు చదివారు. గదిలో పట్న మండలి సభ్యులు ఇద్దరు కూర్చుని ఉన్నారు. "వారికి నా నమస్కారాలు తెలియజెయ్యి," అని ముద్ర వేశారు.

నిన్నటి ఆదివారం వాగులో కాలు పెట్టడానికి చోటు లేక, రెండు వందల మంది గట్టు మీదే నిలబడ్డారు. మేయరు వాగంతటికీ కలిపి వంగి నమస్కరించారు, ఎవరికో తెలిసే! ఆయన వెనక ఊరంతా వంగింది. నేను మాత్రం నవ్వు ఆపుకుంటూ నిటారుగా నిలబడ్డాను.

పిన్ని నా మెడ మీద చెయ్యి వేసింది.

"నువ్వూ వంగరా," అంది. "తాడు బయట ఉండిపోయిన ఆ ఏడు గూళ్లకి."

వంగాను.