టర్కీకీ, ఇంట్లోకీ ఒకే తుపాకీ

ఆ శనివారం వెండెల్ ప్రూయిట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిను ముగించి, ఊళ్ళోకి వెళ్ళి ఒక తుపాకీ కొనుక్కుని, భోజనం వేళకి ఇంటికి వచ్చేయాలి. వసంతకాలపు టర్కీ కోళ్ళ వేట మొదలవడానికి ఇంకా వారమే ఉంది. అమెరికాలోని మిజోరీ కొండల్లో ఆ వారం మగవాళ్ళకి వేరే ధ్యాస ఉండదు. స్కూలు బస్సు నడిపి రిటైరైన వెండెల్‌కి అసలే ఉండదు. అతని పాత తుపాకీ పోయిన ఏడాది ట్రక్కు చక్రాల కింద పడి వంకర తిరిగిపోయింది. ఆ ట్రక్కు నడిపింది తనే కాబట్టి ఎవర్నీ తిట్టుకోలేకపోయాడు.

అయితే అతని భార్య ఓపల్ ఒక షరతు పెట్టింది. పక్క పొలం వాళ్ళింట్లో పట్టపగలే ఎవడో జొరబడి టీవీ ఎత్తుకుపోయినప్పటి నుంచీ ఆవిడకి కంటి మీద కునుకు లేదు. గాలికి కిటికీ కదిలినా ఉలిక్కిపడుతోంది.

"కొనేదేదో ఇంటికి పనికొచ్చేది కొను," అంది పెనంలో గ్రేవీ కలుపుతూ. "దొంగ వస్తే భయపెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి."

"మరి నా టర్కీ?"

"టర్కీ మనింటికొచ్చి టీవీ ఎత్తుకుపోదు."

"పోనీ, రెండు కొంటే?"

"ఇంట్లో ఒక్కటే ఉండాలి. రెండుంటే నీ చేతిలో ఒకటి, నా చేతిలో ఒకటి ఉంటాయి. మనిద్దరి సంగతీ నీకు తెలుసుగా."

వెండెల్‌కి తెలుసు. మొన్న రాత్రి పక్క మీద తనకి తట్టినట్టే, రెండు పనులకీ పనికొచ్చేది ఒక్కటే తెస్తానని మాటిచ్చి, గ్రేవీలో ముంచిన చివరి రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని బయల్దేరాడు.

ఊళ్ళో తుపాకుల కొట్టు బఫర్డ్‌ది. ఏళ్ళ తరబడి మోతలు విని విని అతని ఎడమ చెవి ఎప్పుడో పనిచేయడం మానేసింది. కుడి చెవి దాని ఇష్టం వచ్చినప్పుడు పనిచేస్తుంది.

"రావోయ్ వెండెల్! ఏం కావాలి?"

"టర్కీకీ, ఇంట్లోకీ," అన్నాడు వెండెల్. "రెండు పన్లూ ఒక్కదాంతో అవగొట్టాలని ఆలోచన వచ్చింది."

బఫర్డ్ కుడి చెవిలోకి ఇందులో వెళ్ళింది మూడు మాటలే. టర్కీ, ఇంట్లోకి, వచ్చింది.

"ఎప్పుడొచ్చింది?" అన్నాడు కళ్ళు పెద్దవి చేసి.

"మొన్న రాత్రి. పడుకుని ఉన్నానా, ఉన్నట్టుండి వచ్చేసింది."

"మంచం దగ్గరికా?"

"నాకు వచ్చేవన్నీ మంచం మీదే వస్తాయిరా."

బఫర్డ్ కొట్టు గుమ్మం వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఓపల్ ఏమంది?" అన్నాడు.

"మొదట్లో టర్కీ మాటెత్తితే ససేమిరా అంది. తర్వాత కాస్త మెత్తబడింది. ఒక్కటైతే ఇంట్లో ఉండనిస్తాను, రెండోది కనబడితే మాత్రం ఊరుకోనంది."

"గొప్ప ఇల్లాలు! మరి కాల్చాల్సొస్తే లోపలే కాలుస్తావా?"

"తప్పదంటే లోపలే. ఓపల్ నిశ్చింతగా నిద్రపోవాలి కదా."

బఫర్డ్ జాలిగా తలాడించి గోడ మీది తుపాకులు ఒక్కొక్కటీ దించాడు. అక్కడి నుంచి వెండెల్ బుర్ర తిరగడం మొదలైంది. పొడుగు గొట్టం తుపాకీ టర్కీకి దివ్యంగా ఉంటుంది, కానీ నడవలో తిప్పబోతే గోడకి తగులుతుంది. పొట్టి గొట్టానిది నడవలో చక్కగా తిరుగుతుంది, కానీ గురి చూసుకోవడం కష్టం. గొట్టం మూతి సన్నంగా ఉంటే గుళ్ళన్నీ గుత్తిగా వెళ్ళి దూరంగా ఉన్న టర్కీ తలకి తగులుతాయి. గదిలో అలా అయితే గుప్పెడంత చోటే తగులుతుంది, వణికే చేతులకి గురి తప్పుతుంది.

"అయితే మూతి వెడల్పుగా ఉండాలా, సన్నగా ఉండాలా?" అన్నాడు వెండెల్.

"అది ఎంత దూరంలో నిలబడుతుందో దాన్ని బట్టి."

"ఎవరు నిలబడతారు?"

"అదేనోయ్, ఇంట్లోకొచ్చేది!"

దొంగని 'అది' అనడం వెండెల్‌కి వింతగా తోచింది కానీ, ఈ గొట్టాల, మూతుల గొడవ కంటే అదే నయం అనిపించింది. చివరికి మధ్యరకం పొడుగున్న తుపాకీ ఒకటి తేలింది. దాని మూతికి మరలాగా తిప్పి బిగించే సన్నటి గొట్టం ఉంది. వేటకి వెళ్ళేప్పుడు బిగించుకోవచ్చు, ఇంటికొచ్చాక ఊడదీసి వెడల్పుది పెట్టుకోవచ్చు. గుళ్ళు కూడా దేనివి దానికే. కనబడకుండా ఉండేందుకు తుపాకీ అంతటికీ ఆకుల బొమ్మల రంగు వేశారు. వెండెల్‌కి ప్రాణం లేచొచ్చింది.

అతను ట్రక్కు ఎక్కాడో లేదో, బఫర్డ్ తన భార్య నెల్డాకి ఫోన్ చేశాడు. ఆ తర్వాత, స్నేహితుడు చిక్కుల్లో పడకూడదన్న మంచి బుద్ధితో, వేటశాఖ ఆఫీసరు రొవీనాకి కూడా చేశాడు. "పాపం, వెండెల్ వాళ్ళింట్లోకి టర్కీ వచ్చి తిష్ట వేసిందమ్మా. సీజనుకి ముందే ఇంట్లో కాల్చేసేలా ఉన్నాడు. కేసు గీసు పెట్టకుండా ముందే ఓ మాట చెప్పి చూడండి."

వెండెల్ ఇల్లు చేరేసరికి ఓపల్ లేదు. చర్చిలో భోజనాల కోసం పైలు అనే తీపి పిండివంటలు చేయడానికి వెళ్ళింది. తూటాల పెట్టె ట్రక్కులోనే వదిలేసి, ఖాళీ తుపాకీ పట్టుకుని వెండెల్ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఓపల్ వచ్చేలోగా రెండు పనులకీ తుపాకీని పరీక్షించాలి. వేట బట్టలు తొడిగాడు. కళ్ళు తప్ప ఏమీ కనబడని ముసుగు బిగించాడు. వేటలో పుంజుల్ని రప్పించడానికి టర్కీ పెట్ట కూత కూసే చెక్కపెట్టె చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దాని మూత కదిలితే చాలు, కూత వస్తుంది. ఇక నడవలో అటూ ఇటూ తిరగసాగాడు. మూల తిరిగినప్పుడల్లా తుపాకీ గోడకి తగల్లేదు కానీ, జేబులోని పెట్టె మాత్రం "క్యావ్ క్యావ్" అంది.

సరిగ్గా అప్పుడే రొవీనా వరండాలో అడుగుపెట్టింది. నమ్మకం లేకుండానే వచ్చిందావిడ. తలుపుకి చెవి ఆనించింది. లోపల టర్కీ నడవ పొడుగునా నడుస్తోంది!

వెండెల్‌కి ఆ ముసుగులో దాహం వేసింది. తుపాకీని ముందుగదిలో సోఫా మీద పెట్టి, వంటింటి పక్కన సామాన్ల గదిలోకి వెళ్ళి, ఓపల్ దాచిన పీచ్ పళ్ళ సీసా మూత తిప్పాడు. ముసుగు కొంచెం పైకి లాగి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ముందు తలుపు దబదబా మోగింది, ముసుగు చెవుల మీద ఉండటంతో అతనికి వినబడలేదు.

ఈలోగా ఓపల్‌కి చర్చిలో నెల్డా ద్వారా కబురందింది. "ఇంట్లోకొచ్చిన టర్కీని ఉండనిచ్చావటగా, ఎంత మంచి మనసే నీది!" అంటూ నెల్డా కావలించుకుంది. ఓపల్‌కి ఏమీ అర్థం కాలేదు. అర్థం కానివాటికన్నిటికీ వెండెలే కారణం అని అనుభవం మీద తెలుసు కాబట్టి, చేతికి పిండితోనే పరిగెత్తుకొచ్చింది. వెనక తలుపు తీసి చూస్తే ముసుగు మనిషి ఒకడు తన పీచ్ పళ్ళు తింటున్నాడు.

ఆవిడ అరవలేదు. ఒక్క అంగలో వెళ్ళి, ఆ గది తలుపు ధడాలున మూసి గడియ పెట్టింది. వీధివైపు ఎవరో దబదబా బాదుతుంటే అటు పరిగెత్తింది. ముందు తలుపు తీస్తే ఎదురుగా యూనిఫాంలో రొవీనా.

"దేవుడు పంపినట్టు వచ్చారు! లోపల దొంగ ఉన్నాడు!"

"దొంగ సంగతి తర్వాతమ్మా. టర్కీ ఎక్కడ?"

"అదీ ఉందా నిజంగా?"

సామాన్ల గదిలో వెండెల్ తలుపు మీద భుజంతో గుద్దుతున్నాడు. గుద్దినప్పుడల్లా జేబులో పెట్టె కూస్తోంది.

"అదిగో, టర్కీ!" అంది రొవీనా.

"కాదండీ, ఆ గదిలో ఉన్నది దొంగ."

"ఇద్దర్నీ ఒకే గదిలో పెట్టారా?"

"నేను ఒక్కణ్ణే పెట్టాను!"

లోపల్నుంచి, నోట్లో పీచ్ ముక్క, ముక్కు మీద ముసుగు అడ్డం పడి, "నేనే! నేనే!" అన్న గొంతు బొంగురుగా వచ్చింది.

"నేనే అంటున్నాడు," అంది ఓపల్.

"ఎవరు, దొంగా?"

"టర్కీ అయితే కాదు కదండీ!"

రొవీనా గట్టిగా ఊపిరి తీసుకుంది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఎవరితోనూ ఇలాంటి మాటలు మాట్లాడలేదావిడ. "లోపలున్న వాళ్ళెవరైనా సరే, మీ దగ్గర తుపాకీ ఉందా?" అని కేకేసింది.

"లేదు! సోఫా మీద పెట్టాను!"

ఇద్దరూ ముందుగదిలోకి తిరిగి చూశారు. ఓపల్ ఎంతో ముచ్చటపడి కొన్న ఆకుపచ్చ సోఫా అది, నిండా ఆకులూ తీగలూ. దాని మీద ఏమీ లేదు.

"అబద్ధం!" అంది ఓపల్. "ఇంకొకడున్నాడు! వాడు పట్టుకుపోయాడు!" ఆ మాటతో సోఫాలో కూలబడింది. మరుక్షణం కెవ్వుమని లేచి, కింద గుచ్చుకున్నది చేత్తో తడిమి పైకి తీసింది. ఆకుల మధ్య నుంచి తుపాకీ ఊడి వచ్చింది.

తర్వాత ఓపల్ చేసిన పని చూసి రొవీనా ఉన్నచోటే ఆగిపోయింది. మూతి నేలకి తిప్పి, గొట్టం కింది చెక్కని చటుక్కున వెనక్కి లాగి, లోపల తూటా లేదని చూసి, వేలు పెట్టి మరోసారి తడిమింది. అంతా రెప్పపాటులో అయిపోయింది.

గడియ తీశారు. ముసుగు సగం లేచి, గడ్డం మీద పీచ్ రసం కారుతూ వెండెల్ బయటికొచ్చాడు.

"మీరు ఇంట్లో టర్కీని కాల్చబోతున్నారని తెలిసింది," అంది రొవీనా.

"ఎవరన్నారు? నేను బఫర్డ్‌తో అన్నది టర్కీకీ ఇంట్లోకీ అని!"

"మళ్ళీ అదే అంటున్నారు."

విషయం తేలడానికి రెండు విడతల కాఫీ పట్టింది. రొవీనా ఇల్లంతా వెతికి, టర్కీ లేదని రూఢి చేసుకుని, నవ్వు ఆపుకోలేక వరండాలోకి వెళ్ళి నవ్వుకుని వచ్చింది. వెళ్ళబోతూ, "తుపాకీ పట్టడం ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అని ఓపల్‌ని అడిగింది.

"మా నాన్నతో అడవిలో తిరిగేదాన్ని. పెళ్ళయ్యేదాకా ఏ ఏడూ ఉత్త చేతులతో తిరిగి రాలేదు."

వెండెల్ కప్పు కింద పెట్టాడు. "నాకెప్పుడూ చెప్పలేదేం?"

"వేట కబుర్లన్నీ నువ్వే చెప్పేవాడివి కదా. మధ్యలో సందు దొరకలేదు."

ఆ రాత్రి ఓపల్ గుర్రుపెట్టి నిద్రపోయింది. పొద్దున్నే, "ఇంటికి తుపాకీ అక్కర్లేదు, వెండెల్," అంది. "ఉత్త చేతులతోనే దొంగని పట్టాను. ఇక నాకేం భయం లేదు."

వెండెల్ ఆనందం పట్టలేకపోయాడు. "అయితే అది టర్కీకే!"

"టర్కీకే," అంది ఓపల్. "వేట బట్టలు నాకు కాస్త వదులవుతాయేమో, నడుం దగ్గర పిన్ను పెట్టుకుంటాలే."

"మరి నేనో?"

"తుపాకీ నాతో వస్తే ఇంటికి కాపలా ఎవరు?"

ఈ ప్రశ్నకి వెండెల్ వారమంతా జవాబు వెతుకుతూనే ఉన్నాడు. వేట మొదలైన రోజు తెల్లవారుజామున ఆవిడ ట్రక్కెక్కి వెళ్ళిపోయింది. అతను కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. దొంగలెవరూ రాకపోవడంతో అంట్లు తోమాడు, తర్వాత నేల తుడిచాడు, ఆ తర్వాత తోచక పొయ్యి కూడా తళతళా మెరిసేలా రుద్దాడు.

పదిగంటలకి ఓపల్ బరువైన టర్కీ పుంజుని భుజాన వేసుకుని వచ్చింది. బూట్లకి బురద, మొహంలో పాతికేళ్ళ పిల్ల నవ్వు.

"ఒక్క దెబ్బకేనా?" అన్నాడు వెండెల్, అసూయా గర్వమూ ఏది ఎక్కువో తేల్చుకోలేక.

"ఒక్క దెబ్బకే."

"వచ్చే వారం నా వంతు కదా?"

ఓపల్ వంటిల్లంతా ఒకసారి కలియజూసింది. "ఇల్లు అద్దంలా పెట్టావు, వెండెల్," అంది.

అది మెచ్చుకోలే అనుకుని వెండెల్ ఆ రోజంతా మురిసిపోయాడు.