పది నిమిషాల తడి

మనవడు పుట్టిన నూరోరోజున చేసే పండగకు ఇంకా వారం ఉంది. ఆ పొద్దున మిల్లుకు వెళ్ళి పండగకు బియ్యపు పిట్టు చేయమని చెప్పి రావాలనుకుంది క్విబున్. ఇంతలో ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. భర్త మాన్‌సొక్ కాలి పుండు మానుతోంది గానీ, అందులోని బాక్టీరియా మామూలు మందులకు లొంగని రకమట.

కొడుకు దోసొప్ ముఖం పాలిపోయింది. "నాన్న బాబుని ఎత్తుకోవడానికి వీల్లేదు. పండగ హోటల్లో చేసుకుందాం."

మనవడిని ఇంతవరకు ఫోనులోనే చూసిన మాన్‌సొక్, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"ముందు ఇల్లు శుభ్రం చేద్దాంరా. ఎల్లుండి నర్సు వచ్చి ఇంట్లో క్రిములున్నాయేమో పరీక్ష చేస్తుందట" అంది క్విబున్.

"మందులకే లొంగనిది బ్లీచికి లొంగుతుందా?" అంటూ దోసొప్ సీసా మీది కొలతకు నాలుగింతలు నీళ్ళలో కలిపాడు. వసారా బల్ల మీద చల్లి మరుక్షణం తుడిచేశాడు. దాని మీదున్న తండ్రి నల్లటోపీ మచ్చలు మచ్చలుగా తెల్లబడింది. అదే ఊపులో, పులియడానికి దూలానికి గడ్డితో కట్టి వేలాడదీసిన సోయా ముద్దల మీద బూజు చూసి వాటినీ తడిపేశాడు.

"ఒరే, నువ్వు ఏడాది పొడుగునా జుర్రే పులుసుకి ఆ బూజే దిక్కురా" అంది క్విబున్.

"అదీ సూక్ష్మజీవే కదమ్మా."

"నువ్వూ జీవివే. నీ మీద చల్లానా?"

దాంతో ఇల్లు రెండు ముక్కలైంది. వసారా కొడుకుది, పడకగది తల్లిది. ఆమె సీసా మీద రాసిన కొలతే కలిపి, కిటికీలు తెరిచి, తడిగుడ్డతో రాసి అలాగే వదిలేసేది. నూట ఎనిమిది పూసల జపం అయ్యాకే తుడిచేది.

"జపానికి క్రిములు చస్తాయా అమ్మా?"

"చావకపోతే నాకు పుణ్యమైనా వస్తుంది. నీకేం వస్తుంది?"

నర్సు వచ్చి నమూనాలు తీసుకెళ్ళింది. రెండ్రోజులకు కాగితంతో తిరిగొచ్చింది. "పడకగది శుభ్రం. వసారా బల్ల మీద ఇంకా ఉంది."

"నేను నాలుగింతలు కలిపానే" అన్నాడు దోసొప్.

"ఎంతసేపు తడిగా ఉంచారు సార్?"

"ఉంచడమెందుకు? తుడిచేశాను."

"అక్కడే చెడింది. మందులకు లొంగనిది కూడా మామూలు బ్లీచికి చస్తుంది. కాకపోతే పది నిమిషాలు నానాలి. పెద్దమ్మా, మీరు గడియారం పెట్టుకున్నారా?"

"పూసలు పెట్టుకున్నా" అంది క్విబున్, నడుం నిటారుగా చేసుకుని. చంపింది తడా, జపమా అని ఆమెకూ సందేహం వచ్చింది. రెండూ వదలకుంటే సరి అనుకుంది.

"కాలికి కట్టు కట్టుకుని, చేతులు కడుక్కుంటే తాతగారు మనవణ్ణి ఎత్తుకోవచ్చు" అంది నర్సు. దోసొప్ గడియారం చూసుకుంటూ బల్ల మళ్ళీ తడిపాడు.

పండగ ఇంట్లోనే జరిగింది. మాన్‌సొక్ ఒళ్ళోకి రాగానే మనవడు తాత చొక్కా గుండీని నోట్లో పెట్టుకుని చప్పరించాడు. ఆ క్షణాన దోసొప్ వంటింట్లో ఉండడం కేవలం బుద్ధుడి దయ.