ఎదురుగాలిలో చెప్పిన మాట

ఆ రోజు పొద్దున జట్టు అనుకున్నది చాలా చిన్నది. వాన కాస్త తెరిపి ఇవ్వగానే బయలుదేరడం, మధ్యాహ్నానికి కొండ అవతలి రేవు చేరడం, అక్కడ ఎక్కడైనా ఆరిన బట్ట దొరికితే కట్టుకోవడం. పిల్లతల్లి అనుకున్నది అంతకన్నా చిన్నది. దారిలో సిగ్నలు దొరికిన చోట ఇంటికి ఒక్క ఫోను చేసి, పాప ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉందో చల్లబడిందో కనుక్కోవడం.

జట్టులో అందరూ ఆమెను పిల్లతల్లి అనే పిలిచేవారు. పది నెలల పాపను అత్తగారి చేతిలో పెట్టి సైకిలెక్కిన మనిషికి వేరే పేరు ఎవరికీ తోచలేదు. సముద్రం ఒడ్డునే వారాల తరబడి సాగే సైకిలు యాత్ర అది. కరపత్రంలో సముద్రం నీలంగా నవ్వుతూ ఉంది. బయలుదేరిన నాటినుంచీ మాత్రం ఒకటే ముసురు. ఎడమచేతి వైపు సముద్రం ఉందని నాయకుడు చెప్పబట్టి నమ్మడమే కాని, తెల్లటి మంచు తప్ప కంటికి ఏమీ ఆనేది కాదు. కొండ ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. రాత్రి పిండి ఆరేసిన మేజోళ్ళను పొద్దున మరోసారి పిండి తొడుక్కోవడం.

ఈ యాత్రకు ఆమె కోరి రాలేదు. పాప పుట్టినప్పటినుంచీ ఆమెకు నిద్ర లేదు. నడిరాత్రి ఉలిక్కిపడి లేచి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. "నీకు నరాల బలహీనతట. సముద్రపు గాలి తగిలితే సర్దుకుంటుందని డాక్టరు చెప్పాడు," అన్నాడు భర్త. ఆయనకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఊళ్ళో సగం మందికి చూపు ఆయన పెట్టిందే. "నీ కోసమే దుకాణం మూసి వస్తున్నాను," అని కూడా అన్నాక, రానని ఏ నోటితో అంటుంది? పిరికిది పాపం, గాలి మార్పు మంచిదేలే అని చుట్టాలంతా జాలిపడి సాగనంపారు.

జట్టు నాయకుడు రిటైరైన డ్రిల్లు మాష్టారు. ఆయన లెక్కలో సైకిలు తొక్కడం సరదా కాదు, శిక్షణ. ఒకరి వెనక ఒకరు పోవాలి. ఎవరూ తల వెనక్కి తిప్పకూడదు. మొన్న తల తిప్పిన పళ్ళ డాక్టరు బురదకాలవలోంచి లేచేసరికి ఆయన పళ్ళు తప్ప మరేమీ కనపడలేదు. ఇక ఫోన్లన్నీ సంచిలో కట్టి, సామానుతో పాటు ముందు వెళ్ళే వ్యానులో పడేయాలి. అందరికీ ఒకే రకం పసుపుపచ్చ వానకోట్లు. టోపీ ముక్కుదాకా లాక్కుంటే మొగుడెవరో పెళ్ళామెవరో కన్నతల్లి కూడా పోల్చలేదు.

ముందు రాత్రి ఫోనులో అత్తగారు "పాపకి ఒళ్ళు కాస్త వెచ్చగా..." అంటుండగానే లైను తెగింది. ఆ సగం మాట పిల్లతల్లిని తెల్లవార్లూ తినేసింది. అందుకే పొద్దున సంచిలోంచి తన ఫోను దొంగతనంగా తీసి కోటు లోపలి జేబులో దాచుకుంది.

ఐసు ఫ్యాక్టరీ మలుపు దగ్గర జట్టు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆ ఫోను కుయ్యిమంది. సిగ్నలు! వరసలో ఎప్పుడూ భర్త వెనక చివరిది ఆమే కాబట్టి ఎవరికీ తెలియకుండా సైకిలు నడిపించుకుంటూ ఫ్యాక్టరీ గోడ వెనక్కి జారుకుంది.

సరిగ్గా అప్పుడే రాత్రి డ్యూటీ దిగిన కాపలాదారు సైకిలుతో గేటు దాటి బయటికి వచ్చాడు. ఫ్యాక్టరీ వాళ్ళిచ్చే వానకోటు కూడా పసుపుపచ్చదే. ఎదురుగాలి మొహం పగలగొడుతోంది. ముందు ఇంతమంది ఇటే పోయేవాళ్ళున్నారు కదా, ఇంటి మలుపు దాకా వీళ్ళ చాటున తొక్కితే సుఖం అనుకుని వరస చివర చేరాడు. మాష్టారు తలలు లెక్క పెట్టుకున్నాడు.

"ఎనిమిది. సరిపోయింది. పదండి!"

గోడ వెనక పిల్లతల్లి ఇంటి నంబరు నొక్కింది.

"పాపా? దానికేం, గుండ్రాయిలా ఉంది. రాత్రి దుప్పటి ఎక్కువై వెచ్చబడింది, తీసేస్తే చల్లబడింది. నీ ఊసే లేదు దానికి!" అన్నారు అత్తగారు.

గుండె మీది బండ దిగింది. దిగిన బండ తిన్నగా కాలి మీద పడ్డట్టయింది. నీ ఊసే లేదు దానికి! కళ్ళు తుడుచుకుని గోడ దాటి వచ్చేసరికి మలుపు దగ్గర ఎవరూ లేరు. దూరంగా వానలో పసుపుపచ్చ కోట్ల వరస ఒకటి కదులుతోంది. ప్రాణాలు పెడల్ మీద పెట్టి తొక్కి దాన్ని అందుకుంది.

అందుకున్నాక కొంచెం ఆశ్చర్యం వేసింది. ఈ రోజు వరస నెమ్మదిగా, హాయిగా పోతోంది. ముందెవరో ఈల కూడా వేస్తున్నారు. మన జట్టులో ఈల వేసేంత సుఖంగా ఉన్న మనిషి ఎవరబ్బా అనుకుంది. వరస ఒక సందులోకి తిరిగింది. సందులో అన్నీ ఒకే తీరు చిన్న ఇళ్ళు. ముందున్నాయన దిగి సైకిలు గోడకు ఆనించి, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. రెండో ఆయన పక్కింట్లోకి. ఒక్కొక్కరే అలా ఇళ్ళలో దూరిపోతుంటే, జట్టంతా యాత్రకు దణ్ణం పెట్టి సంసారాల్లో పడిపోయిందేమో అనిపించిందామెకు. చివరికి వానలో ఆమె ఒక్కతే మిగిలింది.

చివరింటి గుమ్మంలోంచి ఒక పెద్దావిడ కేక వేసింది. "ఎక్కడ తగలడ్డావ్ ఇంతసేపు? నీళ్ళు కాగి కాగి ఆవిరైపోయాయి. దా!" అంటూ రెక్క పట్టుకుని లోపలికి లాగి, టోపీ వెనక్కి నెట్టి, నోరు తెరిచేసింది. "అయ్యో! నువ్వెవరమ్మాయీ?"

పిల్లతల్లికి జవాబు తెలుసు కాని, నోట మాట బదులు ఏడుపు వచ్చింది.

ఆ ఇంటావిడ మంచిది. పొడి బట్టలిచ్చింది, పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. "ఏడుపు అయ్యాకే చెప్పు తల్లీ, తొందరేం లేదు. నా మొగుడు కూడా ఇంటికి రాలేదు. ఇద్దరం కలిసే ఏడుద్దాం," అంది. పిల్లతల్లి భర్తకు ఫోను చేయలేదు. ఆయన ఫోను వ్యానులో సంచిలో ఉంది. సంచి కొండ అవతల ఉంది.

మధ్యాహ్నానికి అత్తగారి దగ్గర నుంచే ఫోను వచ్చింది.

"ఎక్కడున్నావే? వాడు నాకు ఫోను చేసి చంటిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. అన్నీ చెప్పేశానమ్మా, విని నన్ను వదిలేసి పోయింది అంటున్నాడు. సంచిలో నీ ఫోను కూడా లేదట. ముందే అనుకుని పోయావంటున్నాడు. నీకు ఫోను చేయడానికి మొహం చెల్లడం లేదట. ఏం చెప్పాడే నీకు?"

"నాకేం చెప్పలేదత్తయ్యా. నేను దారి తప్పి ఐసు ఫ్యాక్టరీ వాళ్ళ ఇళ్ళ దగ్గరున్నాను. ఫ్యాక్టరీ మలుపు దగ్గర్నుంచీ ఆయన్ని చూడనే లేదు."

"అదేమిటి? పొద్దున్నుంచీ వెనకే తొక్కావుట. చెప్పినంతసేపూ కిక్కురుమనకుండా విన్నావుట!"

"నేను కాదత్తయ్యా!"

"నువ్వు కాకపోతే మరి వాడి వెనకాల తొక్కింది ఎవతే?"

పిల్లతల్లి జట్టును మనసులో వరస పెట్టి చూసింది. నిజమే. ఎవతి? జట్టులో ఉన్న మరో ఆడమనిషి బ్యాంకు అక్కయ్య ఒక్కతే. ఆవిడకు మోకాళ్ళ నొప్పి తప్ప వేరే ధ్యాస లేదు. అయినా మనుషుల్ని నమ్మడానికి లేదు.

"నువ్వు బెంగపెట్టుకోకు. అదెవతో తేలనీ, పాపని చంకనేసుకుని వచ్చి మరీ జుట్టు పట్టుకుంటా. వాడికి ఈ సంగతేం చెప్పకుండా అక్కడికే పంపిస్తున్నా," అని అత్తగారు పెట్టేశారు.

ఆయన చెప్పిన ఆ "అన్నీ" ఏమిటో అన్న భయం ఆమెను పట్టుకుంది. దుకాణం మునిగిందా? ఒంట్లో ఏదైనా జబ్బా? లేక ఇంకో ఇల్లా? పిరికిదానికి ఊహలకు కరువుండదు. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ, పాపను పెట్టుకుని ఒంటరిగా బతకడం దాకా వెళ్ళిపోయింది.

అంతలో తలుపు తోసుకుని, మీసాల చివర్ల నుంచి నీళ్ళు కారుస్తూ కాపలాదారు వచ్చాడు.

"వచ్చావా! ఇంటికి రావలసినవాడివి ఏ దేశం పోయావ్?" అంది భార్య.

"రేవు దాకా పోయానే. ఐసు లారీ ఎక్కి తిరిగొచ్చా."

"రేవులో నీకేం పని?"

"నాకేం పని లేదు. ముందు పోయేవాడు ఏడుస్తున్నాడు. ఏడ్చే మనిషిని మధ్యలో వదిలి మలుపు ఎలా తిరగనే?" అని చతికిలబడ్డాడు. అప్పుడు పిల్లతల్లి కనిపించింది. "ఈ అమ్మాయెవరు?"

"దారి తప్పిన పిల్ల. ముందు నీ సంగతి చెప్పు."

"ఎవరో సైకిళ్ళ జట్టు. వాళ్ళ చాటున తొక్కుదామని చేరా. నా ముందువాడు తల తిప్పకుండా మాట్లాడటం మొదలెట్టాడు. ఎదురుగాలి కదా, ప్రతి ముక్కా తెచ్చి నా చెవిలో పోస్తోంది. నేను 'బాబూ, నేను కాదు' అని అరిస్తే ఆ మాటేమో వెనక్కి కొట్టుకుపోతోంది. నన్ను తన పెళ్ళాం అనుకున్నాడే వాడు!"

"నిన్నా!" అని ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకు. పాపం, ఎంత బాధపడ్డాడో! డాక్టరు సముద్రపు గాలి అనలేదట. వీడే కల్పించాడట. ఇంట్లో పసిపాప ఏడుస్తుంటే స్నానాల గదిలో దూరి కుళాయి తిప్పుకుని నిలబడతాడట, వినపడకుండా. ఒకసారి పాప వీడి చేతుల్లోంచి మంచం మీదికి జారిందట. ఏమీ కాలేదు, మంచమే కదా. ఆనాటినుంచీ ఎత్తుకోవడానికి చేతులు రావట. పెళ్ళాం రాత్రి లేచి పాప ఊపిరి చూసుకుని పడుకుంటుందట. ఆవిడ పడుకున్నాక వీడు లేచి పాప ఊపిరీ, పెళ్ళాం ఊపిరీ రెండూ చూస్తాడట."

ఇంటావిడ కొంగు నోటి మీంచి దించింది.

"భయమంతా నాదే, పిరికిదన్న పేరు నీకు పెట్టాను అన్నాడు. ఇంకా ఏమన్నాడంటే, మొదటిరోజు నుంచీ వాడికి ఇంటికి పోవాలని ఉందట. ఆవిడ కోసం వచ్చానని ఊరంతా చెప్పుకున్నాడు కాబట్టి ఆవిడ చాలంటేగాని వెనక్కి తిరగడానికి లేదట. రేవులో అందరూ దిగారు. నాకు మీసాలున్న సంగతి వాడికి ఏ మొహంతో చూపించను? లారీ కనపడగానే సైకిలెత్తి ఎక్కేశా."

పిల్లతల్లి పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది. ఇంకో ఇల్లు లేదు. జబ్బు లేదు. ఇన్ని నెలలుగా చీకట్లో ఒకే పాప ముక్కు దగ్గరికి రెండు చేతులు వంతులవారీగా పోతున్నాయి, అంతే. దానికి ఆమెకు నవ్వు రావాలి. వచ్చింది కూడా, కాని చివరిదాకా రాలేదు.

చీకటి పడకముందే వ్యాను వచ్చింది. ఆమెను వెతకడానికి ఒక్క భర్త చాలు. అయినా జట్టంతా సైకిళ్ళతో సహా ఎక్కి వచ్చింది. వానలో తొక్కకుండా ఉండే అవకాశాన్ని ఎవరూ వదులుకోలేదు. భర్త గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళద్దాల నిండా ఆవిరి.

"నన్ను... నేను చెప్పిందంతా..." అన్నాడు.

ఆ గొంతు వినగానే కాపలాదారు "ఓరి, ఇతనే..." అని లేవబోయాడు. భార్య అతని కాలు తొక్కింది.

పిల్లతల్లి భర్త మొహం చూసింది. పొద్దున దుప్పట్లోంచి బయటపడ్డ పాప మొహం ఇలాగే ఉంటుంది. నాకంతా తెలుసు అని ఒక్క మాట అంటే చాలు, పిరికి పేరు ఇవాళ్టితో తన మీంచి దిగిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"గాలికి ఆగలేక వెనకబడిపోయానండీ. మీరన్నది ఒక్క ముక్క వినపడలేదు. ఇంతకీ ఏం చెప్పారు?"

ఆయన ఊపిరి వదలడం సందు మొదటిదాకా వినపడి ఉంటుంది. "ఏముంది, సముద్రం ఎంత బాగుందో చెప్పా," అన్నాడు.

కాపలాదారు పైకప్పు వంక చూశాడు.

"ఏమండీ, నాకు భయంగా ఉంది. ఇంటికి వెళ్ళిపోదాం," అంది పిల్లతల్లి. కళ్ళలో నీళ్ళు మాత్రం నిజమైనవే.

"నీ కోసం ఏదైనా వదులుకుంటాను," అన్నాడు ఆయన, ఛాతీ కాస్త ముందుకు వచ్చింది.

అంతే, వెనకాల గట్టు తెగింది. "నాకైతే ఇంకో నెల తొక్కినా అలుపు లేదు. కాని ఒక పిల్లతల్లిని ఏడిపించి సాధించేదేముంది? నేనూ ఆపేస్తున్నా," అన్నాడు డ్రిల్లు మాష్టారు. ఆ అమ్మాయి కోసం తన మోకాళ్ళు కూడా వెనక్కి తిరుగుతాయని బ్యాంకు అక్కయ్య అంది. పళ్ళ డాక్టరు కళ్ళొత్తుకున్నాడు. మిగతావాళ్ళు అప్పటికే వ్యానులో మంచి సీట్లు పట్టుకుంటున్నారు.

"ఇంకో మాటండీ," అంది పిల్లతల్లి, అందరికీ వినపడేలా. "నాదసలే నరాల బలహీనత. పాపని ఎత్తుకోవాలంటే చేతులు వణుకుతాయేమో. వెళ్ళగానే మీరే ఎత్తుకోవాలి. రాత్రిళ్ళు మీరే చూసుకోవాలి. మీకైతే భయం లేదు కదా."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. చుట్టూ చూశాడు. జట్టంతా ఆయన్నే మెచ్చుకోలుగా చూస్తోంది.

"ఎ... ఎత్తుకుంటాలే," అన్నాడు.

"అదీ మొగుడంటే!" అని మాష్టారు వీపు చరిచాడు.

అందరూ ఎక్కాక వ్యాను బయలుదేరింది. సైకిళ్ళ కన్నా త్యాగాల బరువే ఎక్కువైంది కాబోలు, మొదటి మిట్ట దగ్గరే ఆగిపోతే అందరూ దిగి తోయవలసి వచ్చింది.