నలభై ఉపన్యాసాలు, ఒక ట్రాన్స్‌ఫార్మరు

మన కడప జిల్లాకు ఇప్పుడు అర్జెంటుగా కావలసింది నీళ్లు కాదు. ఫ్యాక్టరీలు కాదు. రోడ్లు అసలే కాదు, ఉన్న గుంతలతో మనం బాగానే సర్దుకుపోతున్నాం. మనకు కావలసింది అమెరికా అధ్యక్షుల ప్రసిద్ధ ఉపన్యాసాల రికార్డింగులు!

నవ్వకండి. నేను ఆషామాషీ మనిషిని కాను. ప్రొద్దుటూరు వక్తృత్వ పోషక సంఘానికి పద్దెనిమిదేళ్లుగా అధ్యక్షుణ్ణి. సభ్యులు ముగ్గురే కావచ్చు. అందులో ఒకాయన మా బామ్మర్దే కావచ్చు. అయినా అధ్యక్షుడు అధ్యక్షుడే! సాటి అధ్యక్షుల గురించి మాట్లాడే అర్హత నాకు కాక ఇంకెవరికుంది?

ఈ మహాభాగ్యాన్ని మన ఊరికి తెచ్చినవాడు కలీం. ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే చిన్న షాపు అతనిది. వాళ్లన్న రిజ్వాన్ కువైట్‌లో డ్రైవరు. ఇంగ్లీషు నేర్చుకుంటావని అక్కడెవరో అతనికి నలభై ఉపన్యాసాల సెట్టు ఇచ్చారట. రెండేళ్లు విన్నా తనకు ఇంగ్లీషు రాలేదు కాబట్టి తమ్ముడికైనా వస్తుందేమోనని పంపించాడు. కలీం తెలివైనవాడు, తను వినలేదు. మెమరీ కార్డుల్లోకి ఎక్కించి, "నలభై ఉపన్యాసాలు, చప్పట్లతో సహా" అని అట్టముక్క మీద రాసి అమ్మకానికి పెట్టాడు.

ఆ చప్పట్లే అసలు సరుకు! మన సభల్లో చప్పట్ల కోసం ఎంత అవస్థ? ట్రాక్టర్లు పెట్టాలి, పొట్లాలు పంచాలి, ముందు వరుసలో మనవాళ్లను కూర్చోబెట్టి సైగ చేయాలి. అమెరికావాళ్లు ఆ పని ఎప్పుడో పూర్తి చేసి పెట్టారు. మనం బటన్ నొక్కితే చాలు.

అయితే ఒక అనుమానం నన్ను పీడించింది. ఆ సెట్టులో గడ్డం ఉన్న పాతకాలపు అధ్యక్షుడి ఉపన్యాసం ఒకటుంది. ఆయన బతికున్న రోజుల్లో గొంతు రికార్డు చేసే మిషనే లేదు! మరి ఈ గొంతెవరిది? కలీంని నిలదీశాను.

"యాక్టరెవరో చదివింటాడు సార్," అన్నాడు, స్క్రూడ్రైవరు పక్కన పెట్టకుండా.

"మరి ఇది మోసం కాదా?"

"ఏంది సార్ మోసం? ఆడ రాసినోడు అసలోడు, చదివినోడు వేరే. ఈడ మన లీడర్లు చదివేటప్పుడు చదివేటోడు అసలోడు, రాసినోడు వేరే. మనమేమన్నా అడుగుతాండామా?"

నిజమే కదా! నా అనుమానం అక్కడితో తీరిపోయింది.

ఇక ఈ ఉపన్యాసాల వల్ల లోకానికి కలిగిన మేలు చూడండి. జమ్మలమడుగులో మైకుసెట్లు బాడుగకిచ్చే ఖలందర్ ఉన్నాడు. ఏ సభకైనా నాయకుడు రెండు గంటలు ఆలస్యంగా రావడం మన సంప్రదాయం. అందాకా పాటలు వేస్తే పిల్లకాయలు ఎగురుతారు, పెద్దవాళ్లు లేచిపోతారు. ఖలందర్ ఒకరోజు పాటలకు బదులు అధ్యక్షుల్ని పెట్టాడు. జనం సర్దుకుని కూర్చున్నారు! ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒక్కరూ కదల్లేదు. అర్థం కాని మాటలు వినడంలో మనకున్న అనుభవం ఏ దేశానికుంది? బాక్సుల్లోంచి చప్పట్లు వచ్చినప్పుడల్లా వీళ్లూ కొట్టారు.

తీరా అసలు నాయకుడు వచ్చి మైకు పట్టుకుంటే, ముందు వరుసలోని నాగేంద్రమ్మ అనే పెద్దావిడకు కోపం వచ్చింది. "ఆ ముందరాయప్పనే మాట్లాడనీండి నాయనా! పాపం, ఓట్లు గూడా అడగల్యా," అంది. నాయకుడు నాలుగు నిమిషాల్లో ముగించాడు. జమ్మలమడుగు చరిత్రలో అంత చిన్న ఉపన్యాసం అంతకుముందు లేదు. ఇది మేలు కాదా?

ఇది చూసి లింగాల వైపున్న ఒక పల్లెలో నరేష్ అనే యువనాయకుడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. అధ్యక్షుల ఉపన్యాసాలను తనకు తెలుగులో రాసిపెట్టమన్నాడు. నేను మూడు రాత్రులు కూర్చుని నిజాయితీగా అనువదించాను. అంత నిజాయితీ అక్కర్లేదని అప్పుడు తెలియదు. సభలో నన్ను వేదిక మీద కూర్చోబెట్టి నరేష్ మైకు అందుకున్నాడు. "సోదరులారా! ఈ పదేళ్లు గడిచేలోగా మనం చంద్రుడి మీద మనిషిని దింపుతాం!" అన్నాడు.

జనంలోంచి ఒకామె లేచి నిలబడింది. పేరు వసంతమ్మ. యాభై ఏళ్లుంటాయి.

"చంద్రుని మీదికి నిదానంగా పంపుదువులే నాయనా. ముందు మా ట్రాన్స్‌ఫార్మరు కాడికి ఒక లైన్‌మెన్‌ని పంపు!"

చూశారా ఈ సంస్కారం? మానవజాతి ప్రస్థానం గురించి మాట్లాడుతుంటే మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు! నరేష్ అధ్యక్షుడిలాగే గుండె మీద చెయ్యి వేసుకుని, "అమ్మా, నీ బాధ నా బాధ," అని చెప్పి కారెక్కాడు. నేను మాత్రం సభ అయిపోయాక ఆమెను పిలిచి వివరం అడిగాను.

పదకొండు రోజుల కింద వాళ్ల పొలాల కాడి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందట. బోర్లు ఆగిపోయాయి. వసంతమ్మకు రెండెకరాల చీనీ తోట, అంటే బత్తాయి, రెండు వందల చెట్లు. చిన్న మొక్కలప్పుడు రెండు ఎండాకాలాలు ట్యాంకరు నీళ్లు పోసి బతికించుకున్నవి. ఇప్పుడు పన్నెండేళ్ల వయసు, నిండా పిందె. పైన చూస్తే ఏప్రిల్ ఎండ. భర్త నారాయణ పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా బిందెలు మోస్తే పది చెట్ల గొంతు తడుస్తోంది. కరెంటాఫీసుకు ఏడుసార్లు తిరిగింది. అది ఏ ఊరి ఆఫీసో నేను చెప్పను, రేపు నా ఇంటికీ కరెంటు కావాలి కదా!

నాకు జాలేసింది. "అమ్మా, నీ సమస్య ట్రాన్స్‌ఫార్మరు కాదు. నీకు మాట్లాడటం రాదు, అంతే," అని ఒక మెమరీ కార్డు చేతిలో పెట్టాను. మూడు రోజుల తర్వాత ఫోన్ చేసి విన్నావా అని అడిగాను.

"నేనూ విన్నా, తోటలో పెట్టి చెట్లకూ వినిపించినా అయ్యోరా. ఒక్క ఆకన్నా తేరుకోలే," అంది.

కరెంటాఫీసులో సోమవారం అర్జీలు తీసుకునే రోజు. నేనే దగ్గరుండి ఆమెను తీసుకుపోయాను. ఆఫీసరు మంచి అభిరుచి ఉన్నవాడు. నాయకత్వ లక్షణాల ట్రైనింగులో ఆయనకీ ఇదే సెట్టు ఇచ్చారట, చెవుల్లో వైర్లు ఉన్నాయి. మనిషికి రెండు నిమిషాలు టైం. నేను ఎనిమిది పేజీల ఉపన్యాసం రాసిచ్చాను. ఆమె దాన్ని మడిచి చీర కుచ్చెళ్లలో దోపుకుని, ఆయన చెవుల్లోంచి వైర్లు తీసేదాకా నిలబడి, అప్పుడు మొదలుపెట్టింది.

"సారూ, చెట్టుకు నోరు ల్యా. అందుకని నేనొచ్చినా. పదైదు దినాలాయె నీళ్లు లేక. ఆకు ముడుసుకుంటాంది, పిందె రాలతాంది. మనిషినైతే రోంచేపు ఆగమంటే ఆగుతాడు. చెట్టు ఆగదు సారూ. మీరు ఫైలు పైకి పోయిందంటాండారు. ఫైలు యాడికి పోయినా మళ్లా వస్తాది. పన్నెండేండ్ల చెట్టు పోతే మళ్లా యాడ తెచ్చేది? నాకేం దుడ్లు వద్దు. దయ చూపమని గూడా అడగల్యా. బోరులో నీళ్లుండాయి, తోటలో చెట్లుండాయి. ఆ రొండిటి నడమ ఒక తీగ కలపండి. అంతే నా అర్జీ."

హాలంతా చప్పట్లు! గుమాస్తాలు, అర్జీదారులు, టీ తెచ్చినాయన, అందరూ కొట్టారు. నా కళ్లు చెమర్చాయి. ఎనిమిది పేజీలు దండగైపోయాయని కొంచెం బాధపడ్డ మాట కూడా దాచను.

ఆఫీసరు లేచి నిలబడ్డాడు. "వండర్‌ఫుల్ అమ్మా! అయితే మా గుమాస్తా తీసిన వీడియోలో మొదట కొంచెం మిస్సయింది. మళ్లీ ఒకసారి చెప్తారా?" అన్నాడు.

రెండోసారి చెబితే పని రెండింతలు తొందరగా అవుతుందనుకుంది పాపం. మళ్లీ చెప్పింది. మళ్లీ చప్పట్లు. శాలువా కప్పారు. అర్జీ మీద స్టాంపు గుద్దారు.

ఆ వారంలోనే ఆమె మాట కలీం కార్డులో నలభై ఒకటో ఉపన్యాసంగా ఎక్కింది. అమెరికా అధ్యక్షుల సరసన లింగాల వసంతమ్మ! ఇంతకంటే ఒక రైతుకు ఏం కావాలి? పులివెందుల బస్టాండులో పండ్ల బండ్ల దగ్గర అదే మోగింది. ఖలందర్ సభల్లో ఇద్దరు అధ్యక్షుల మధ్య ఆమెను పెట్టాడు. జమ్మలమడుగు స్కూల్లో అమూల్య అనే అమ్మాయి ఆ మాటలే అప్పజెప్పి వక్తృత్వంలో ఫస్ట్ ప్రైజు కొట్టింది. జడ్జి నేనే. ఆఫీసరు తన స్టేటస్‌లో పెట్టుకున్నాడు. లైన్‌మెన్ ఏకంగా కాలర్ ట్యూన్ పెట్టుకున్నాడు!

ఆ సంగతి నాకు వసంతమ్మే చెప్పింది. "లైన్‌మెన్‌కు ఫోన్ చేస్తాండా అయ్యోరా. చేసినప్పుడల్లా నేనే మాట్లాడతాండా. ఎత్తేటోడే లేడు."

"అభినందనలమ్మా," అన్నాను.

"మీరు సదువుకున్నోళ్లు గదా, ఒకటి అడుగుతా. ఆ అమెరికా ఆయప్పలు మాట్లాడినారు, జనం సప్పట్లు కొట్టినారు. ఆ తర్వాతేమాయె? చెప్పిన పని చేసినారా?" అంది.

పద్దెనిమిదేళ్ల నా అధ్యక్ష పదవిలో ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఇంటికెళ్లి నలభై ఉపన్యాసాలూ మళ్లీ పెట్టుకుని చూశాను. ఏ ఉపన్యాసమైనా చప్పట్లతోనే ఆగిపోతోంది. ఆ తర్వాతిది ఎవరూ రికార్డు చేయలేదు.

మరో రెండు సోమవారాలు గడిచాయి. మూడో సోమవారం ఆమె మళ్లీ ఆఫీసుకు వచ్చింది. ఆమె వస్తోందని తెలిసి హాలు నిండిపోయింది. నేను, కలీం ముందు వరుసలో ఉన్నాం. నలభై రెండో ఉపన్యాసం కోసం ఫోన్లన్నీ పైకి లేచాయి. ఆఫీసరు చెవుల్లోంచి వైర్లు తనంతట తనే తీసేసి, "రండమ్మా రండి. మాట్లాడండి," అన్నాడు.

వసంతమ్మ ఆయన ఎదుటి కుర్చీలో కూర్చుంది. మాట్లాడలేదు.

"మాట్లాడండమ్మా."

ఊహూ.

రెండు నిమిషాలు అయిపోయాయి. ఐదు అయ్యాయి. పట్టుకున్న చేతులు నొప్పెట్టి ఒక్కొక్క ఫోనూ కిందికి దిగింది. చప్పట్లు కొడదామంటే కొట్టడానికి ఏమీ లేదు! ఆఫీసరు నీళ్లు తాగాడు. ఫైలు తెరిచాడు, మూశాడు. ఆమె చూపు మాత్రం ఆయన ముఖం మీద నుంచి కదల్లేదు. ఎదుటి మనిషి మాట్లాడకపోతే చివరికి మాట్లాడాల్సింది ఎవరు? తొమ్మిదో నిమిషంలో ఆయనే ఫోన్ తీసి ఎవరికో మాట్లాడాడు. మామూలు తెలుగులో, గట్టిగా, నాలుగు ముక్కలు.

మంగళవారం ట్రాక్టరులో ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. అప్పటికి అరవై మూడు చెట్లు పోయాయి.

వక్తృత్వ పోషక సంఘం తరఫున నేను ఈ పోకడను తీవ్రంగా ఖండిస్తున్నాను. మాట్లాడకుండా పనులు చేయించుకోవడం ప్రజాస్వామ్యమేనా? రేపు జిల్లాలో జనమంతా ఇలా నోరు మూసుకుని కుర్చీల్లో కూర్చుంటే నాయకులు ఏమైపోవాలి? ఖలందర్ మైకులు ఏమైపోవాలి? నేనేమైపోవాలి?

ఈ మాటే అడుగుదామని తోటకు పోయాను. నారాయణ ఎండిన చెట్లు నరుకుతున్నాడు. వసంతమ్మ పాదులు సరిచేస్తోంది.

"నాలుగు మాటలు మాట్లాడి ఉంటే ఏం పోయేదమ్మా? అంత జనం వచ్చారు!" అన్నాను.

ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "మొదటి దినమే చెప్పినా గదా అయ్యోరా, చెట్టు ఆగదని. బాగా చెప్పినావనిరి. ఎండిపోయినంక ఇంగేం చెప్పేది?"

దీనికి నా దగ్గర గట్టి సమాధానమే ఉంది, నలభై నిమిషాల సమాధానం. గొంతు సవరించుకున్నాను కూడా. కానీ కరెంటొచ్చే టైం అయిందని ఆమె మోటరు వేయడానికి వెళ్లిపోయింది.